సేల్స్ ఆర్డరును స్టాకుతోనూ ప్రొడక్షన్ ప్లానుతోనూ ముడివేయడం ఎలా: ఒక పంపుసెట్ల కంపెనీ ఉదాహరణతో

చాలా చిన్న, మధ్యతరహా సంస్థల్లో సేల్స్ ఆర్డరు అంటే బిల్లు వేసేలోగా రాసిపెట్టుకునే చిత్తు కాగితం. డీలరు ఫోన్ చేస్తారు, లేదా వాట్సాప్‌లో నాలుగు ఐటమ్‌లు పంపుతారు. సేల్స్ విభాగంలో ఒకరు వాటిని సిస్టమ్‌లోకి ఎక్కిస్తారు. సరుకు ఉంటే బిల్లవుతుంది, లేకపోతే పెండింగ్‌లో పడుతుంది, అంతటితో దాని సంగతి ఎవరికీ పట్టదు. కానీ వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ ఏదైనా, అది టాలీ అయినా, ఈఆర్‌పీనెక్స్ట్ అయినా, ఎస్‌ఏపీ అయినా, ఆ పెండింగ్ ఆర్డర్లను బట్టే గోదాములో నికరంగా ఎంత మిగిలిందో, కొనుగోలు విభాగం ఏమి తెప్పించాలో, ఫ్యాక్టరీలో వచ్చే వారం ఏ మోడల్ బిగించాలో లెక్కకడుతుంది. ఆర్డరులో పరిమాణమో తేదీయో తప్పుగా పడితే ఆ తప్పు రాగి వైండింగ్ వైరు కొనుగోలు దాకా వెళ్తుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణకు తీసుకున్నది హైదరాబాద్ శివార్లలోని పారిశ్రామికవాడలో బోరుబావి సబ్‌మెర్సిబుల్ పంపుసెట్లు తయారుచేసి, రెండు తెలుగు రాష్ట్రాల డీలర్లకు అమ్మే ఒక ఊహాత్మక కంపెనీ. ఫిబ్రవరి నుంచి మే వరకు గిరాకీ ఒక్కసారిగా పెరగడం, వానలు పడగానే పడిపోవడం ఈ వ్యాపారపు స్వభావం కాబట్టి ఆర్డర్ల నిర్వహణలోని లోపాలన్నీ ఇక్కడ త్వరగా బయటపడతాయి. ఇందులోని పరిమాణాలు లెక్క చూపడానికి వేసుకున్నవి. పద్ధతి మాత్రం మందుల హోల్‌సేలుకైనా, ఎరువుల డిస్ట్రిబ్యూటరుకైనా కొద్ది మార్పులతో సరిపోతుంది.

ఎంట్రీ దగ్గరే సరిచూడవలసినవి

మొదట ఐటమ్ కోడు. "5 హెచ్‌పీ మోటారు ఒక పది పంపండి" అని డీలరు అంటే ఆయనకు స్పష్టంగానే ఉంటుంది, సిస్టమ్‌కు ఉండదు. బోరు వ్యాసాన్ని బట్టి పంపు సైజు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎన్ని స్టేజీలు (నీటిని పైకి నెట్టే ఇంపెల్లర్ చక్రాల వరుసలు) అన్న మూడు విషయాలూ తేలితేనే అది ఒక ఐటమ్ అవుతుంది. బోర్లు బాగా లోతుగా ఉండే అనంతపురం ప్రాంతానికి వెళ్లే సెట్టుకూ, తక్కువ లోతులో నీరందే ప్రాంతానికి వెళ్లే సెట్టుకూ హార్స్‌పవర్ ఒకటే కావచ్చు, స్టేజీలు మాత్రం వేరు. బోరుబావి పంపుసెట్లకు ఐఎస్ 8034, ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ సెట్లకు ఐఎస్ 14220 అని భారతీయ ప్రమాణాలే వేరుగా ఉన్నాయి. కాబట్టి ఈ రెండు రకాలను ఒకే ఐటమ్ పేరు కింద ఉంచి, వివరాన్ని రిమార్కుల్లో రాసే అలవాటును మొదటిరోజే మాన్పించాలి. రిమార్కుల గడిలో రాసినదాన్ని మనిషి చదువుతాడు, ప్లానింగ్ లెక్క చదవదు.

రెండోది కొలమానం. కేబుల్‌ను చుట్టల్లో కొని మీటర్లలో అమ్మే చోట, ఒక చుట్టకు ఎన్ని మీటర్లో ఐటమ్ మాస్టర్‌లోనే, అంటే ప్రతి ఐటమ్ స్థిర వివరాలుండే పట్టికలోనే, నిర్ణయించి ఉంచాలి. లేకుంటే 500 అన్న అంకె ఒక విభాగానికి మీటర్లుగా, మరొక విభాగానికి చుట్టలుగా కనిపిస్తుంది.

మూడోది, సరుకు ఏ గోదాము నుంచి వెళ్లాలి, ఎక్కడికి చేరాలి అన్నది. బిల్లు ఒకరి పేరిట, సరుకు మరొకరి చిరునామాకు అనే పద్ధతి డీలర్ల వ్యాపారంలో మామూలే. విజయవాడ డీలరు బిల్లు మీద సరుకు నేరుగా నూజివీడు రైతు దగ్గరికి వెళ్లవచ్చు. ఈ సంగతి ఆర్డరులోనే ఉంటే గోదాము, రవాణా రోజులు, జీఎస్టీ వివరాలు అన్నీ సరిగా పడతాయి. బిల్లు వేసే సమయంలో తెలిస్తే అప్పటికే తప్పు గోదాములో స్టాకు పక్కన పెట్టి ఉంటారు.

వీటితోపాటు కొనుగోలుదారు ఇచ్చిన పర్చేజ్ ఆర్డరు నంబరు, తేదీ, ధర, ఆర్డరును విడతలుగా పంపవచ్చా లేక మొత్తం ఒకేసారి కావాలా, ఎన్ని రోజుల తర్వాత ఆర్డరు చెల్లదు అన్నవి నమోదు చేయాలి. చివరి రెండూ ఎవరూ అడగరు. కానీ ప్లానింగులో ఎక్కువ ఉపయోగపడేవి అవే. వర్షాలు పడ్డాక మోటారు అక్కరలేని డీలరు ఆర్డరుకు గడువు లేకపోతే అది ఆగస్టులోనూ స్టాకును పట్టుకుని కూర్చుంటుంది.

మూడు తేదీలు, మూడు గడులు

ఒక్క మార్పు మాత్రమే చేయగల స్తోమత ఉన్న సంస్థకు నేను సూచించేది ఇదే: కొనుగోలుదారు కోరిన తేదీ, మనం ఒప్పుకున్న తేదీ, సరుకు వాస్తవంగా బయలుదేరిన తేదీ, ఈ మూడింటిని మూడు వేర్వేరు గడుల్లో ఉంచండి. ఒకదాని మీద మరొకదాన్ని ఎప్పుడూ దిద్దవద్దు.

సాధారణంగా జరిగేది వేరు. ఆర్డరు తేదీనే డెలివరీ తేదీగా సిస్టమ్ తనంతట తాను నింపుతుంది, ఎంట్రీ చేసేవారు ఎంటర్ నొక్కుతూ ముందుకు వెళ్తారు. ఫలితంగా సిస్టమ్ దృష్టిలో ప్రతి ఆర్డరూ ఈరోజే పంపవలసినది, రేపటికల్లా గడువు దాటినది. పెండింగ్ జాబితా మొత్తం ఎర్రగా కనిపించే చోట నిజంగా అత్యవసరమైనది ఏదో ఎవరికీ తెలియదు. ఫోన్‌లో గట్టిగా మాట్లాడిన డీలరుకు ముందు సరుకు వెళ్తుంది. దీనికి విరుగుడు సులభం. డెలివరీ తేదీ గడిని ఖాళీగా వచ్చేలా, నింపనిదే ఆర్డరు సేవ్ కాకుండా అమర్చుకోవాలి.

కోరిన తేదీ అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. డీలరు దృష్టిలో అది సరుకు తన దుకాణానికి చేరే తేదీ. గోదాము దృష్టిలో అది లారీ ఎక్కే తేదీ. హైదరాబాద్ నుంచి రంగారెడ్డి జిల్లాకు ఈ తేడా కొన్ని గంటలు, శ్రీకాకుళానికి కొన్ని రోజులు. పార్సిల్ ట్రాన్స్‌పోర్టులో వేస్తే బుకింగ్ కార్యాలయంలో లోడు నిండేదాకా ఆగే సమయం అదనం. ప్రతి ఊరికీ రవాణా రోజులను కస్టమర్ మాస్టర్‌లో ఒకసారి నమోదు చేసి, చేరే తేదీ నుంచి ఆ రోజులను తీసివేసి డిస్పాచ్ తేదీ రాబట్టాలి. ప్లానింగుకు వెళ్లవలసినది ఆ డిస్పాచ్ తేదీయే.

మాట ఇచ్చే ముందు వేయవలసిన లెక్క

"స్టాకు ఉందా?" అన్న ప్రశ్నకు స్క్రీన్ మీద కనిపించే అంకె జవాబు కాదు. ఇప్పటికే మాట ఇచ్చినవన్నీ పోగా, ఏ తేదీకి ఎంత కొత్తగా ఒప్పుకోవచ్చో చెప్పే లెక్కను అవైలబుల్ టు ప్రామిస్, పొట్టిగా ఏటీపీ అంటారు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. పదిహేను ముఖ్యమైన మోడళ్లకు ఎక్సెల్ షీట్ చాలు.

మార్చి 1 ఉదయం ఒక 5 హెచ్‌పీ మోడల్ స్టాకు 140 అని కనిపిస్తోందనుకుందాం. అందులో 12 సెట్లు టెస్టింగ్ పూర్తికాక ఆగి ఉన్నాయి, 8 సెట్లు డీలర్ల నుంచి తిరిగి వచ్చినవి. మాట ఇవ్వదగినవి 120 మాత్రమే. అప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లు మార్చి 5కు 70, మార్చి 12కు 40, మార్చి 20కి 60. ఫ్యాక్టరీ నుంచి మార్చి 10న 80, మార్చి 24న మరో 80 రావాలి. ఇప్పుడు గుంటూరు డీలరు మార్చి 8కి 50 సెట్లు కావాలంటున్నారు.

తొందరలో వేసే లెక్క ఇలా ఉంటుంది: 120లో 70 పోతే 50 మిగులుతుంది, పదో తేదీన ఎలాగూ 80 వస్తున్నాయి, కాబట్టి 50 ఇచ్చేయవచ్చు. ఇలా ఇస్తే మార్చి 8న ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇబ్బంది 20న వస్తుంది. మార్చి 23 వరకు చేతికందే సరుకు 120కి 80 కలిపి 200. అప్పటి వరకు ఇచ్చిన మాట 70, 40, 60, కొత్తగా ఒప్పుకున్న 50 కలిపి 220. చాలా రోజుల ముందే ఆర్డరు పెట్టి, 20వ తేదీకి ఒప్పించుకున్న డీలరుకు 20 సెట్లు తక్కువ పడతాయి.

సరైన లెక్కలో కాలాన్ని ప్రొడక్షన్ వచ్చే తేదీల వద్ద విడగొడతాం. మొదటి విడత మార్చి 1 నుంచి 9 వరకు: 120లో 70 పోగా 50. రెండో విడత 10 నుంచి 23 వరకు: వచ్చేది 80, పోవలసినది 100, అంటే 20 లోటు. ఆ లోటును ముందరి విడత మిగులులోంచి పూడ్చాలి, కాబట్టి మొదటి విడతలో కొత్తగా ఇవ్వగలిగింది 30కి తగ్గుతుంది, రెండో విడతలో సున్నా. మూడో విడతలో 24 నుంచి 80 పూర్తిగా ఖాళీగా ఉన్నాయి. గుంటూరు డీలరుకు ఇవ్వదగిన జవాబు: 8వ తేదీకి 30, 24 తర్వాత 20. ఆయన విడతలకు ఒప్పుకుంటే రెండు లైన్లుగా, రెండు తేదీలతో ఆర్డరు నమోదు చేయాలి. మొత్తం ఒకేసారి కావాలంటే 24కే ఒప్పుకోవాలి. లేదా 10వ తేదీ బ్యాచ్‌ను 80 నుంచి 100కు పెంచగలరా అని ప్రొడక్షన్‌ను అడగాలి. మూడో దారిలో ముందుగా తెలియవలసింది అదనపు 20 సెట్లకు విడి భాగాలున్నాయా అన్నది. అది ఈ లెక్కలో కనిపించదు.

సేఫ్టీ స్టాకును ఇందులో కలపాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. ఫ్యాక్టరీ ఆలస్యమైనా ఇచ్చిన మాట తప్పకుండా ఉండడానికి ఉంచుకున్నది సేఫ్టీ స్టాకు. దాని మీద కొత్తగా మాట ఇస్తే అది పేరుకే సేఫ్టీ. నా సలహా, ఏటీపీ లెక్కలో దాన్ని మినహాయించి, నిజంగా ఆలస్యం జరిగినప్పుడు మాత్రం మొహమాటం లేకుండా వాడాలి. ఏడాది పొడవునా ముట్టుకోని సేఫ్టీ స్టాకు గోదాములో అనవసరంగా ఇరుక్కుపోయిన డబ్బే. పై ఉదాహరణలో సేఫ్టీ స్టాకు లేదని అనుకున్నాం. 15 ఉంటే గుంటూరుకు 8వ తేదీకి ఇవ్వగలిగేది 15 మాత్రమే.

స్టాకును పక్కన పెట్టడం, వదలడం

ఆర్డరు ఒప్పుకోవడం వేరు, ఫలానా సెట్లు ఫలానా ఆర్డరుకని గట్టిగా కేటాయించడం వేరు. ఇరవై రోజుల తర్వాత పోవలసిన ఆర్డరుకు ఈరోజే సెట్లను కట్టేస్తే, రేపు పోవలసిన ఆర్డరుకు సరుకు ఎదురుగా ఉండి కూడా లేనట్టే అవుతుంది. అందువల్ల డిస్పాచ్‌కు మూడు నాలుగు రోజుల ముందు మాత్రమే గట్టి కేటాయింపు చేయాలి. అంతకుముందు ఏటీపీ లెక్కలో ఆ పరిమాణాన్ని తగ్గించి చూపితే చాలు.

బాకీ పరిమితి దాటిన డీలరు ఆర్డరు విషయంలో అకౌంట్సుకూ సేల్సుకూ ఎప్పుడూ పేచీయే. ఆర్డరును అకౌంట్సువారు ఆపుతారు, సేల్సువారు డబ్బు రేపు వస్తుందంటారు, ఈలోగా సరుకు ఎవరికీ పోదు. దీనికి వాదన కన్నా నియమం మేలు. క్రెడిట్ హోల్డులో ఉన్న ఆర్డరుకు స్టాకును మూడు పనిదినాలు ఉంచుతామని, ఆ తర్వాత కేటాయింపు దానంతటదే రద్దవుతుందని, డబ్బు వచ్చాక కొత్త తేదీ ఇస్తామని డీలర్లకు ముందే తెలపాలి. ఎన్ని రోజులన్నది మీ వ్యాపారాన్ని బట్టి ఉంటుంది, కానీ ఆ సంఖ్య రాతపూర్వకంగా ఉండాలి.

డీలరు అడ్వాన్సు పంపితే దాన్ని ఆర్డరు నంబరుతో జత చేసి నమోదు చేయండి. సరుకుల అమ్మకంలో అడ్వాన్సు మీద అప్పటికప్పుడు జీఎస్టీ కట్టనవసరం లేదని 2017 నవంబరులోనే ప్రభుత్వం సడలింపు ఇచ్చింది, పన్ను బాధ్యత ఇన్‌వాయిస్‌తో వస్తుంది. సర్వీసులకు ఈ సడలింపు వర్తించదు. ఇన్‌స్టలేషన్ ఛార్జీల కోసం విడిగా అడ్వాన్సు తీసుకునేవారు దీన్ని గమనించాలి.

ఏప్రిల్‌లో కరువు వచ్చినప్పుడు, అంటే సరుకు కరువు వచ్చినప్పుడు, ఎవరికి ఎంత ఇవ్వాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చేతిలో 100 సెట్లున్నాయి. ముగ్గురు డీలర్లు 60, 120, 20 అడిగారు. అడిగిన నిష్పత్తిలో పంచితే 30, 60, 10 వస్తాయి. చూడడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే అదే ముగ్గురూ గత సంవత్సరం ఇదే నెలల్లో అమ్మింది 50, 30, 20 అనుకోండి. రెండో డీలరు సరుకు కొరత పసిగట్టి నాలుగింతలు రాశారు, ఆ పెంపుకు మనమే బహుమతి ఇచ్చాం. వచ్చే ఏడాది ముగ్గురూ నాలుగింతలు రాస్తారు. ఆ ఆర్డర్లను నమ్మి ఫ్యాక్టరీ రాగి, మోటారులోని స్టాంపింగులు (ఉక్కు రేకులు) తెప్పిస్తుంది. జూన్‌లో వానలు పడగానే ఆర్డర్లన్నీ రద్దవుతాయి. సరఫరా వ్యవస్థల్లో చివరి కొనుగోలుదారు దగ్గరి చిన్న మార్పు వెనక్కి వెళ్లే కొద్దీ పెద్దదై ఫ్యాక్టరీని ఊపేయడాన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. దానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఈ కొరతకాలపు దొంగ ఆర్డర్లు ఒకటి. కాబట్టి కొరతలో పంపకం గతంలోని అమ్మకాల ఆధారంగా జరగాలి, ఆ సంగతి సీజనుకు ముందే డీలర్లందరికీ తెలిసి ఉండాలి. కొత్త డీలర్లకు గత చరిత్ర ఉండదు కాబట్టి వారికి కొద్ది భాగాన్ని విడిగా ఉంచాలి.

ఫోర్‌కాస్టు, ఆర్డర్లు రెండూ కూడిపోకుండా

సీజను ముందు సేల్స్ విభాగం మార్చికి 200 సెట్లు పోతాయని అంచనా ఇచ్చింది. మార్చి రెండో వారానికి 130 సెట్లకు ఆర్డర్లు వచ్చాయి. ఫ్యాక్టరీ ఎన్ని తయారుచేయాలి? 200. వచ్చిన ఆర్డర్లు ఆ అంచనాలోని భాగమే, ఇంకా రావలసిన అంచనా 70 మాత్రమే. ఆర్డర్లు 230కి చేరితే తయారుచేయవలసినది 230. ఇంత తేలికైన విషయం సిస్టమ్‌లో తరచూ తప్పుతుంది, ఎందుకంటే ఫోర్‌కాస్టును ఒకరు, ఆర్డర్లను మరొకరు ఎక్కిస్తారు, ఆర్డరు వచ్చినప్పుడు ఫోర్‌కాస్టును తగ్గించే అమరికను ఎవరూ ఆన్ చేయరు. ప్లాను 330 చూపుతుంది. విడి భాగాలు ఒకటిన్నర రెట్లకు పైగా వచ్చి పడతాయి.

ఇందులో ఒక మినహాయింపును గుర్తుపెట్టుకోవాలి. ఎత్తిపోతల పనుల కాంట్రాక్టరు ఒకేసారి 100 సెట్లకు ఆర్డరిస్తే అది డీలర్ల అంచనాలోని భాగం కాదు. దాన్ని అంచనాలోంచి తగ్గిస్తే డీలర్లకు మిగిలేది 100 మాత్రమే అవుతుంది. ఇలాంటి ఆర్డర్లకు ప్రత్యేక రకం పెట్టి, ఫోర్‌కాస్టును తగ్గించకుండా దానికి అదనంగా చేర్చాలి. పైన చెప్పిన మార్చి అంచనాకు ఇది కలిస్తే ప్లాను 300.

నెల ముగిసేసరికి అమ్ముడుపోని అంచనాను ఏమి చేయాలన్నది సిస్టమ్ తేల్చదు, మీరే తేల్చాలి. ఫిబ్రవరిలో మిగిలిన 40ని మార్చికి జరపడం సమంజసమే, ఎండలు ఆలస్యంగా ముదిరి ఉండవచ్చు. మేలో మిగిలిన 40ని జూన్‌కు జరిపితే ఆ సెట్లు మరో ఫిబ్రవరి దాకా గోదాములో ఉంటాయి. మే ఆఖరున మిగిలిన అంచనాను కొట్టివేయడం మంచిది.

రీఆర్డర్ లెవెల్ చెప్పే అబద్ధం

మన కంపెనీ స్టార్టర్ ప్యానెళ్లను బయట కొని పంపుసెట్లతో పాటు అమ్ముతుంది. రోజుకు సగటున 20 పోతాయి, సరఫరాదారు నుంచి రావడానికి 10 రోజులు పడుతుంది, సేఫ్టీ స్టాకు 80. అంటే రీఆర్డర్ లెవెల్, నిల్వ ఎంతకు తగ్గగానే మళ్లీ కొనాలో చెప్పే అంకె, పది రోజుల వాడకం 200కు 80 కలిపి 280. చేతిలో 300 ఉన్నాయి, కొనుగోలు ఆర్డరు మీద 100 రావాలి, వచ్చే పది రోజుల్లోపు పంపవలసిన సేల్స్ ఆర్డర్లు 180, వాటిలో 30 ఇప్పటికే గడువు దాటాయి.

టాలీలోని రీఆర్డర్ స్టేటస్ రిపోర్టు ఉన్న స్టాకుకు రావలసిన కొనుగోళ్లను కలిపి, పెండింగ్ సేల్స్ ఆర్డర్లను తీసివేసి నికర నిల్వ చూపుతుంది. ఇక్కడ అది 220. 280 కన్నా 60 తక్కువ కాబట్టి వెంటనే కొనమంటుంది. అయితే 280లో 200 ఉన్నదే రాబోయే పది రోజుల వాడకం కోసం. ఆ పది రోజుల వాడకమంటే ఈ సేల్స్ ఆర్డర్లే కదా. ఒకే గిరాకీని లెవెల్‌లో ఒకసారి, తీసివేతలో ఒకసారి లెక్కించినట్టయింది. రీఆర్డర్ లెవెల్‌ను సగటు వాడకం నుంచి కట్టినప్పుడు, దానితో పోల్చే నిల్వలోంచి గడువు దాటిన ఆర్డర్లను మాత్రమే తీసివేయాలి: 300కు 100 కలిపి 30 తీస్తే 370. ఇంకా 90 పైన ఉన్నాం, కొనుగోలుకు మరో నాలుగు రోజుల వ్యవధి ఉంది. ఎవరైనా ఒకేసారి అసాధారణంగా పెద్ద ఆర్డరిస్తే దాన్ని కూడా తీసివేయాలి, ఎందుకంటే సగటులో అది లేదు.

వేసవిలో సగటు మారుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తపు సగటుతో కట్టిన లెవెల్ మార్చిలో చాలదు, సెప్టెంబరులో ఎక్కువవుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు, జనవరిలోనూ జూన్‌లోనూ దాన్ని మార్చాలి.

ఆర్డరు నుంచి విడి భాగాల దాకా

ఒకే 5 హెచ్‌పీ మోటారుకు స్టేజీల సంఖ్యను బట్టి ఐదారు రకాల పంపులు బిగించవచ్చు. ఏ జిల్లాలో ఎన్ని స్టేజీల సెట్టు ఎంత పోతుందో ముందే చెప్పడం కష్టం. మొత్తం మీద 5 హెచ్‌పీ మోటార్లు ఎన్ని పోతాయో చెప్పడం దానికన్నా తేలిక. అందువల్ల అంచనాను మోటారు స్థాయిలో వేసి, మోటార్లను సిద్ధంగా ఉంచి, పంపు భాగాన్ని ఆర్డరు వచ్చాక బిగించడం తెలివైన పద్ధతి. ఇలా చేసేచోట ఏటీపీ లెక్కను కూడా మోటారుకూ, ఇంపెల్లర్ల వంటి ఉమ్మడి భాగాలకూ వేయాలి, పూర్తి సెట్టుకు వేస్తే ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది.

దీనికి బిల్ ఆఫ్ మెటీరియల్స్ (బీఓఎం), అంటే ఒక సెట్టుకు ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా, సరిగా ఉండడం తప్పనిసరి. పన్నెండు స్టేజీల సెట్టు బీఓఎంలో పది ఇంపెల్లర్లే రాసి ఉంటే, ప్రతి ఆర్డరుకూ రెండు తక్కువ పడుతూ, స్టోర్సువారు చేతిరాత స్లిప్పుల మీద ఇస్తూ పోతారు, సిస్టమ్ స్టాకు మాత్రం ఉన్నట్టే చూపుతుంది. ఫ్యాక్టరీలో ఇప్పటికే మొదలైన బ్యాచ్ పరిమాణాన్ని సేల్స్ ఆర్డరు మారినప్పుడల్లా మార్చకుండా, ఉదాహరణకు వారం రోజుల ముందు నుంచి ప్లానును స్థిరపరచాలి. ఆ వారంలో వచ్చే మార్పులకు ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోలు అవసరమని నియమం పెట్టాలి. లేకుంటే రోజూ సాయంత్రం ఒక కొత్త ప్లాను తయారవుతుంది.

డిస్పాచ్, బిల్లు

సరుకు కదిలే సమయానికి లేదా అంతకుముందే ఇన్‌వాయిస్ ఉండాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. సేల్స్ ఆర్డరు, డెలివరీ నోటు, ఇన్‌వాయిస్, మూడూ ఒకదానినుంచి ఒకటి పుట్టాలి. ఆర్డరు నంబరు ఇవ్వకుండా నేరుగా బిల్లు వేస్తే సరుకు పోతుంది, స్టాకు తగ్గుతుంది, ఆర్డరు మాత్రం పెండింగ్‌లోనే ఉంటుంది. అప్పుడు సిస్టమ్ అదే గిరాకీకి మళ్లీ తయారుచేయమంటుంది. టాలీప్రైమ్‌లో సేల్స్ ఆర్డరు వోచరు కంట్రోల్-ఎఫ్8తో తెరుచుకుంటుంది. బిల్లు వేసేటప్పుడు ఆ ఆర్డరు నంబరును ఎంచుకోవడం ఐచ్ఛికం కాకూడదు.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే రవాణాకు ఈ-వే బిల్లు అనే జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం కావాలి. మామూలు సరుకుకు దాని చెల్లుబాటు ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక రోజు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం 600 కిలోమీటర్లకు పైనే కాబట్టి నాలుగు రోజులు వస్తాయి. వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలకు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకు చేసే అమ్మకాల మీద ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. దాన్ని ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో 24 గంటల్లోపే రద్దు చేయగలరు, ఆ తర్వాత క్రెడిట్ నోటే దారి. ఆర్డరులోని తప్పును ఆర్డరు దశలో దిద్దితే నిమిషం పని, బిల్లయ్యాక దిద్దితే మూడు విభాగాల పని.

పాత ఆర్డర్లను మూసివేయడం

పది అడిగారు, ఎనిమిది పంపాం, రెండు మిగిలాయి. డీలరు ఆ రెండింటిని వేరేచోట కొనుక్కుని మరిచిపోయారు. సిస్టమ్ మరవదు. ఇలాంటివి వంద ఆర్డర్లుంటే రెండు వందల సెట్ల ఉత్తుత్తి గిరాకీ ప్లానులో ఉన్నట్టు. టాలీలో ఆర్డరును ప్రీ-క్లోజ్ చేసే సదుపాయం ఉంది, ఈఆర్‌పీనెక్స్ట్‌లో క్లోజ్ బటన్ ఉంది, ఎస్‌ఏపీలో లైనుకు తిరస్కరణ కారణం నమోదు చేయవచ్చు. సాధనం అన్నిటిలోనూ ఉంది, వాడే మనిషి ఎవరన్నదే తేలదు.

ప్రతి సోమవారం గడువు దాటిన లైన్ల జాబితాను సేల్స్, స్టోర్సు, ప్రొడక్షన్ కలిసి చూడాలి. ప్రతి లైనుకూ జవాబు రెండింటిలో ఒకటి: కొత్త ఒప్పుకున్న తేదీ, లేదా కారణంతో సహా మూసివేత. "చూద్దాం" అన్న జవాబును జాబితాలో రానివ్వవద్దు. మూసివేతకు కారణాల పట్టీని ఐదారు మాటలకు కుదించండి: డీలరు రద్దు చేశారు, స్టాకు లేక పోయింది, ధర కుదరలేదు, బాకీ, ఎంట్రీ తప్పు. సీజను చివర ఈ కారణాలను కూడితే స్టాకు లేక పోగొట్టుకున్న అమ్మకం ఎంతో తెలుస్తుంది. వచ్చే ఏడాది అంచనాకు బిల్లయిన అమ్మకాలను మాత్రమే తీసుకుంటే ఈ పోగొట్టుకున్న గిరాకీ ఎప్పటికీ అంకెల్లోకి రాదు.

పనితీరును కొలిచేందుకు ఒక్క కొలత చాలు: ఎన్ని ఆర్డరు లైన్లు పూర్తి పరిమాణంలో, సకాలంలో వెళ్లాయి. దాన్ని ఒప్పుకున్న తేదీతో ఒకసారి, కోరిన తేదీతో ఒకసారి చూడాలి. మొదటిది 95 శాతం, రెండోది 50 శాతం ఉంటే, మాట నిలబెట్టుకుంటున్నారు కానీ డీలరుకు కావలసిన సమయానికి మాట ఇవ్వలేకపోతున్నారని అర్థం. లోపం డిస్పాచ్‌లో ఉండదు, స్టాకు ప్లానులో ఉంటుంది.

మార్చి 31 విషయం విడిగా చెప్పాలి. టార్గెట్ కోసం సరుకు కదలకుండానే బిల్లులు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పన్ను సంగతి అటుంచితే, ఆ సెట్లు పుస్తకాల్లో పోయినట్టు, గోదాములో ఉన్నట్టు ఉంటాయి. స్టాకు లెక్కింపులో అవి అధికంగా తేలుతాయి, ఎవరో వాటిని మళ్లీ స్టాకులోకి ఎక్కిస్తారు, ఏప్రిల్ మొదటి వారంలో అవే సెట్లు రెండో డీలరుకు అమ్ముడవుతాయి, అదీ గిరాకీ మంచి ఊపుమీదున్న రోజుల్లో. కాబట్టి 31 సాయంత్రం గోదాము తలుపు మూసేముందు, బిల్లయినా కదలని సరుకు ఏమైనా ఉంటే దాన్ని వేరే వరుసలో పెట్టి, ఇన్‌వాయిస్ నంబరు అంటించి, సిస్టమ్‌లో వేరే గోదాము పేరు కింద చూపాలి. పెండింగ్ ఆర్డర్లను ఒక్కొక్కటిగా డీలరుతో నిర్ధారించుకుని, నిలిచినవాటిని మాత్రమే వాటి అసలు ఆర్డరు తేదీతోనూ, కోరిన తేదీతోనూ కొత్త ఆర్థిక సంవత్సరంలోకి తీసుకువెళ్లాలి. ఏప్రిల్ 1ని కొత్త ఆర్డరు తేదీగా వేస్తే ముందుగా అడిగిన డీలరు వరుసలో చివరికి పోతారు.